గ్రహములు కాని గ్రహ నీహారికలు

హైదరాబాదున ఫిసల్‌బండ యను చోట నవాబ్ జఫర్‌జంగ్ బహదూర్‌కు ఒక ఎస్టేటు ఉండెడిది. 1901వ సంవత్సరమున ఆయన అక్కడ సొంత వ్యయముతో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆయన సంస్థానమునందలి ప్రభువంశీయుడు. నక్షత్రములను చూచుట ఆయనకు ఉద్యోగము గాదు, కేవలము ముచ్చట. ఆ ముచ్చట తీర్చుకొనుటకు తెప్పించిన దూరదర్శని మాత్రము సామాన్యమైనది కాదు. గ్రబ్ కంపెనీవారు తయారుచేసిన ఆ యంత్రమునకు ముందు కటకపు అడ్డుకొలత 15 అంగుళములు. 1864లో లండను నగరమున ఒక ఔత్సాహికుడు ఎనిమిది అంగుళముల కటకముతో ఆకాశమునందలి ఒక పెద్ద చిక్కుముడిని విప్పెను. అట్టి కటకమునకు మూడున్నర రెట్లు వెలుగును కూడబెట్టగల సాధనము హైదరాబాదులో మరియొక ఔత్సాహికుని చేతిలో నుండెను.

ఆ లండను మనుష్యుడెవరు, ఆ చిక్కుముడి యేమి, జఫర్‌జంగ్ కటకమునకు పట్టిన గతి యేమి, నేడు సిద్దిపేటవంటి ఊరిలో ఒక పెద్ద దూరదర్శనిని నిలుపుకొన్నవానికి ఈ కథతో పనియేమి అనునవి ఈ ప్రసంగమునకు విషయములు. కథ గ్రహ నీహారికలను గూర్చినది. పేరు విని శ్రోతలు గ్రహములను తలచుకొందురేమో! గ్రహములకును వీనికిని ఏ సంబంధమును లేదు. ఆ పేరు పుట్టుకయే ఒక విచిత్రము గనుక అక్కడనే మొదలుపెట్టుదము.

పారిస్ నగరమున చార్లెస్ మెసియే అను జ్యోతిర్విదుడు తోకచుక్కలను వెదకుటయందే తన రాత్రులను గడిపెడివాడు. తోకచుక్కవలె మసకగా కనిపించి, మరునాటికి కదలక ఉన్నచోటనే నిలిచి, తన్ను మోసగించిన వస్తువులను ఆయన ఒక పట్టికగా వ్రాసిపెట్టుకొనెను. 1764 జూలై 12వ తేదీన ఆ పట్టికలో 27వదిగా చేరిన మసక ముద్దయే మానవుడు కనుగొన్న మొదటి గ్రహ నీహారిక. 1779లో ఒక తోకచుక్కను వెంబడించుచు మెసియేయు, తూలూజ్ నగరవాసియగు దార్కియేయు అభిజిత్ నక్షత్రమునకు సమీపమున మరియొకదానిని చూచిరి. అది బృహస్పతియంత పరిమాణము గలిగి, మాసిపోవుచున్న గ్రహమువలె నున్నదని దార్కియే వర్ణించెను. గ్రహమను పోలిక అప్పటినుండియే వీనిని పట్టుకొన్నది.

దానిని స్థిరపరచినవాడు విలియం హెర్షెల్. బాత్ నగరమున చర్చిలో ఆర్గను వాయించుచు, సంగీతపాఠములు చెప్పుకొని బ్రదుకుచుండిన ఈ మహానుభావుడు తన దూరదర్శనులకు కావలసిన లోహపు అద్దములను తానే అరగదీసికొనెడివాడు. 1781 మార్చి 13న ఇంటి పెరటిలోనుండి ఆయన యురేనస్ గ్రహమును కనుగొనెను. అది లేత ఆకుపచ్చ చాయగల చిన్న బిళ్ళవలె కనిపించును. మరుసటి యేడు, 1782 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి, కుంభరాశిలో ఆయనకొక కొత్త వస్తువు తగిలెను. అదియు చిన్న బిళ్ళయే. చాయయు ఇంచుమించు అట్టిదే. కొత్తగా గ్రహమును కనుగొన్నవాని కంటికి గుండ్రనిదెల్ల గ్రహమువలె కనిపించుటలో వింతయేమున్నది? కాని అది కదలలేదు. అట్టివి మరికొన్ని దొరకగా హెర్షెల్ వానికొక ప్రత్యేకమైన తరగతిని కల్పించి గ్రహ నీహారికలని నామకరణము చేసెను. అవి గ్రహములు కావని పేరు పెట్టిన ఆయనకే తెలియును. ఐనను పేరు మాత్రము రెండువందల నలుబది ఏండ్లు గడచినను దిగిపోలేదు. మన యూళ్ళలో చెరువు పూడి బస్టాండు వెలసిన తరువాత కూడ ఆ చోటిని చెరువుగట్టు అనియే పిలుచుచుండుట చూడమా? అట్లే ఇదియును.

హెర్షెల్‌కు అంతకంటె పెద్ద కలవరము 1790 నవంబరు 13న కలిగెను. ఆ రాత్రి వృషభరాశిలో ఆయన చూచిన వస్తువు నడుమ ఒక నక్షత్రమున్నది; దానిచుట్టును గుండ్రముగా పలుచని వెలుగున్నది. నీహారికలన్నియు అతిదూరమున నున్న నక్షత్రముల గుంపులేననియు, చాలినంత పెద్ద అద్దముంటే అవి విడివిడిగా కనిపించుననియు ఆయన అంతవరకును నమ్మియుండెను. నడుమనున్న చుక్క ఒంటరి చుక్కయే యైనచో, చుట్టునున్న వెలుగు నక్షత్రముల గుంపు ఎట్లగును? ఆకాశమున నక్షత్రము కాని ప్రకాశించు ద్రవ్యమేదో యున్నదని ఆయన ఆ రాత్రి తన అభిప్రాయమును మార్చుకొనెను. తాను ఏండ్లతరబడి చెప్పుచు వచ్చిన మాటను కంటిముందు కనిపించిన ఒక్క వస్తువుకొరకు విడిచిపెట్టుట పండితులలో అరుదైన గుణము. గ్రహమును కనుగొన్న రాత్రికంటె ఈ రాత్రి హెర్షెల్ జీవితమున గొప్పదని మా తలపు.

తరువాతి యేబది యేండ్లును పెద్ద అద్దముల కాలము. ఐర్లండున రాస్ ప్రభువు తన కోట ఆవరణలోనే కొలిమి పెట్టించి, ఆరడుగుల అడ్డుకొలతగల లోహపుటద్దమును పోతపోయించి, 1845లో ఆకాశమువైపు తిప్పెను. హెర్షెల్ కుంభరాశిలో చూచిన బిళ్ళకు ఇరుప్రక్కల చెవులవంటివి పొడుచుకొని వచ్చియుండుట గమనించి, దానికి శని నీహారిక యను పేరు ప్రచారములోనికి తెచ్చినవాడు ఆయనయే. లివర్‌పూల్ నగరమున బీరు కాచి అమ్ముకొనెడి విలియం లాసెల్ కూడ స్వయముగా పెద్ద అద్దములను చేసినవాడే. ఆయన అక్కడి ఆకాశముతో విసిగి, 1852లో తన 24 అంగుళముల దూరదర్శనిని ఓడకెక్కించి మాల్టా ద్వీపమునకు తీసికొనిపోయెను. మరల 1861లో 48 అంగుళములదానిని తీసికొనిపోయెను. మంచి ఆకాశముకొరకు మంచి కటకము వలసపోవుట అప్పటినుండియు ఉన్నది. ఈ ముక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథలో మరల వచ్చును.

ఐనను అద్దములెంత పెద్దవైనను ప్రశ్న తీరలేదు. రాస్ ప్రభువు తన అద్దములో కొన్ని నీహారికలు నక్షత్రములుగా విడిపోవుచున్నవని తలచెను. అందుచేత హెర్షెల్ చివరికి చేరిన అభిప్రాయము తప్పేమో యని లోకము మరల సందేహించినది. కన్ను ఎంత చూచినను తెలిసికొనలేని సంగతిని తెలుపుటకు వేరొక సాధనము కావలసివచ్చినది.

అప్పుడు వచ్చినవాడు మేము మొదట చెప్పిన లండను మనుష్యుడు, విలియం హగ్గిన్స్. ఆయనది పట్టువస్త్రముల వ్యాపారము. గొల్లభామ చీరలు నేసిన సిద్దిపేటవారికి ఈ సంగతి రుచించును గనుక చెప్పుచున్నాము. 1854లో దుకాణమును అమ్మివైచి, టల్స్‌హిల్ అను చోట ఇల్లు కట్టుకొని, ప్రక్కనే వేధశాలను కట్టుకొనెను. ఎనిమిది అంగుళముల కటకము అమెరికానుండి వచ్చినది. దానిని నిలిపెడి యంత్రాంగమును యార్క్ నగరమునందలి కుక్ కంపెనీవారు చేసిరి. పొరుగుననున్న రసాయనశాస్త్రజ్ఞుడు మిల్లర్‌తో కలసి ఆయన నక్షత్రముల వెలుగును పట్టకములగుండ పోనిచ్చి వర్ణపటముగా విడదీయుచుండెను. నక్షత్రపు వెలుగు ఇంద్రధనుస్సువలె అన్ని రంగుల పట్టీగా పరచుకొనును. కాగిన పలుచని వాయువు వెలుగు అట్లుగాక విడివిడి గీతలుగా మాత్రమే కనిపించును. కనుక నీహారిక నక్షత్రముల గుంపా, వాయువా యను తగవును ఈ సాధనము ఒక్క చూపులో తీర్చవలెను.

1864 ఆగస్టు 29వ తేదీ రాత్రి హగ్గిన్స్ కాలేయ మండలమునందలి ఒక గ్రహ నీహారికవైపు దూరదర్శనిని తిప్పెను. రంగుల పట్టీ కనిపించలేదు. ఒకే ఒక ప్రకాశమైన గీత కనిపించెను. పట్టకము పక్కకు జరిగినదేమో యని మొదట ఆయనకు అనుమానము కలిగినది. కాదని తేలిన తరువాత, చూచుచుండగా మరి రెండు సన్నని గీతలును తోచినవి. హెర్షెల్ ఆ నవంబరు రాత్రి ఊహించినది నిజమైనది. గ్రహ నీహారిక కాగిన వాయువు!

ఆ మూడు గీతలలో ఒకటి ఉదజనిది. మిగిలిన రెండును ఆకుపచ్చని రంగున నున్నవి. భూమిమీద తెలిసిన ఏ మూలకమునకును చెందినవి కావు. ఇక్కడ మన తెలుగునాటి ప్రసక్తి వచ్చుచున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా పోయెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున శిబిరము వేసెను. మద్రాసు వేధశాలనుండి పాగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. సూర్యబింబపు అంచున లేచిన జ్వాలల వర్ణపటమున ఆనాడు కనిపించిన ఒక పసుపుపచ్చని గీత సోడియముది కాదని పిమ్మట తేలినది. ఇంగ్లండున లాకియర్ దానిని తెలియని మూలకపు గుర్తుగా భావించి హీలియం అనెను. 1895లో రామ్సే ఆ హీలియమును భూమిమీదనే పట్టుకొనెను. సూర్యునిలో మొదట కనిపించిన మూలకము భూమిమీద దొరికినపుడు, నీహారికల ఆకుపచ్చని గీతలును అట్టి మరియొక మూలకముదే కావలెనని పలువురు నమ్మిరి. దానికి నెబ్యూలియం అని పేరును పెట్టిరి.

గుంటూరు గీత నిజమైనది; నెబ్యూలియము కాలేదు. మూలకముల పట్టికలోని ఖాళీలన్నియు నిండుచు వచ్చినను దానికి చోటు దొరకలేదు. కడకు 1927లో కాలిఫోర్నియాలో ఐరా బోవెన్ ఆ ముడి విప్పెను. అది మనము నిత్యము పీల్చెడి ప్రాణవాయువే! రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న ఆక్సిజను పరమాణువు కొంత శక్తిని పుచ్చుకొని, దానిని విడిచిపెట్టుటకు నిముషము పట్టునంత తీరికగా నుండును. భూమిమీద వాయువు ఎంత పలుచనిదైనను ఆ లోపల పొరుగు పరమాణువు వచ్చి ఢీకొని ఆ శక్తిని కాజేయును. నీహారికలో ఘనసెంటీమీటరునకు కొన్నివేల కణములు మాత్రమే యుండును గనుక ఎవరును అడ్డురారు. పరమాణువు తీరికగా వెలుగును. మన ప్రయోగశాలలయందలి సామాన్యమైన శూన్యముకంటెను అది శూన్యము. తెలియని మూలకమని అరువది యేండ్లకు పైగా వెదకినది తెలిసిన మూలకపు తెలియని నడవడి మాత్రమే!

ఇక నేడు తెలిసినది క్లుప్తముగా చెప్పుదుము. సూర్యునివంటి నక్షత్రము ముసలిదై, ఉబ్బి, ఎర్రని బృహత్తారయై, తన పైపొరలను అంతరిక్షములోనికి విడిచివేయును. లోపల మిగిలిన చిన్న వేడి గర్భము, కొన్ని పదివేల డిగ్రీలనుండి లక్షడిగ్రీలకు పైబడిన వేడిమితో, అతినీలలోహిత కిరణములను విరజిమ్మి ఆ పొరలను వెలిగించును. అదియే గ్రహ నీహారిక. ఎర్రని బృహత్తారకును తెల్లని మరుగుజ్జు తారకును నడుమనున్న మెట్టు ఇదియేనని 1956లో రష్యను శాస్త్రజ్ఞుడు ష్క్లోవ్‌స్కీ వాదించెను. పొరలు సెకనుకు ఇరువది ముప్పది కిలోమీటర్ల వేగముతో వ్యాపించుచు, పది యిరువదివేల యేండ్లలో కలసిపోవును. నక్షత్రపు ఆయువు వందలకోట్ల యేండ్లు. ఈ కడపటి వెలుగు దానిముందు ఒక రెప్పపాటు. మన పాలవెల్లిలో ఇట్టివి మూడువేలకు పైగా తెలిసినవి. మన సూర్యునికిని సుమారు ఐదువందలకోట్ల యేండ్ల పిమ్మట ఈ దశ రావలసియున్నది.

కుక్ కంపెనీ మాట చెప్పితిమి. ఆ కంపెనీ దూరదర్శని ఒకటి తెలుగునాటికిని వచ్చెను. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారు మద్రాసు వేధశాలలో టేలరువద్ద విద్య నేర్చి, 1840లో తన ఇంటి ఆవరణలో వేధశాలను కట్టించెను. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని వృద్ధిచేసి, ఆరంగుళముల కుక్ దూరదర్శనిని తెప్పించెను. 1868 నాటి బుధసంక్రమణమును, 1874 డిసెంబరు 9 నాటి శుక్రసంక్రమణమును ఆయన చూచి లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వ్రాసెను. ఆ సొసైటీ ఆయనను సభ్యునిగా గ్రహించెను. 1892లో ఆయన మరణించెను. తరువాత కొంతకాలము ఆ కుటుంబము వేధశాలను నడపినను, నేడది లేదు. డాబాగార్డెన్సు వీధులలో నడచుచున్నవారిలో ఎందరికి ఆ సంగతి తెలియునో!

జఫర్‌జంగ్ కటకపు కథ వేరు. తన తదనంతరము వేధశాల ప్రభుత్వమునకు చెందవలెనని ఆయన ముందే కోరుకొనెను. నిజాం పేరుమీద నిజామియా వేధశాల యను పేరును ఏర్పడెను. 1907లో ఆయన మరణించెను. 1908లో ప్రభుత్వము వేధశాలను స్వాధీనపరచుకొని, చాట్‌వుడ్ అను ఆంగ్లేయుని అధికారిగా నియమించి, బేగంపేటకు తరలించెను. అప్పటి బేగంపేట ఊరికి దూరమైన, దీపములు లేని స్థలము. అక్కడ మొదట పని ప్రారంభించినది పదునైదంగుళముల గ్రబ్ కాదు. ఎనిమిదంగుళముల కుక్ ఫోటో దూరదర్శని. ఔత్సాహికుని పెద్ద కటకము 1922 వరకు వేచియుండవలసివచ్చెను. ముచ్చటపడి తెప్పించినవాడు పోయిన పదునైదేండ్లకు అది పనిలోనికి దిగినది. మారుకాంతి నక్షత్రములను చూచుట దాని ముఖ్యమైన పని యాయెను.

కుక్ దూరదర్శని చేసిన పని అంతర్జాతీయమైనది. ఆకాశమునంతను ఫోటోలు తీసి నక్షత్రముల స్థానములను అచ్చువేయవలెనని 1887లో పారిస్‌లో సంకల్పించిన మహాకార్యమున వేధశాలలు ఆకాశమును పట్టీలుగా పంచుకొనినవి. చిలీ దేశమునందలి శాంటియాగో చేయలేక విడిచిన పట్టీ, దక్షిణమున 17వ డిగ్రీనుండి 23వ డిగ్రీవరకు, హైదరాబాదు పాలబడెను. పొకాక్, ఆయన పిమ్మట టి.పి. భాస్కరన్ దానిని నడపిరి. 1917 నుండి 1946 వరకు వెలువడిన పండ్రెండు సంపుటములలో ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములు అచ్చయినవి. రాత్రులు ఫోటోలు, పగళ్ళు కొలతలు. చందమామ కథలకును ఎక్కని, పాఠ్యపుస్తకములకును ఎక్కని శ్రమ అది.

ఆ పట్టీని ఒకసారి పటమున చూడుడు. కుంభరాశిలో హెలిక్స్ యను గ్రహ నీహారిక దక్షిణమున దాదాపు 21వ డిగ్రీమీద నున్నది. జలసర్పమున బృహస్పతి ఛాయ యని పేరొందినది 19వ డిగ్రీకి చేరువ. నౌకామండలపు ఎన్.జి.సి. 2440 యనునది 18వ డిగ్రీమీద. మూడును హైదరాబాదు పట్టీలోనివే! నక్షత్రముల స్థానములు కొలుచుటకు తీసిన పలకలలో ఆ మరణించుచున్న నక్షత్రముల దిక్కులును చేరినవి. పని వేరైనను దిక్కు అదియే.

ఆ ఆవరణలోనే ఒక బాలుడు పెరిగెను. 1927లో జన్మించిన వైను బప్పు తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. నిజాం కళాశాలలో చదువుకొనుచుండగనే ఆ యువకుడు మారుకాంతి నక్షత్రములను చూచి వ్యాసములు వ్రాసెను. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డుకు వెళ్ళి, 1949 జూలైలో ఒక తోకచుక్కను కనుగొనెను. అది బప్పు-బాక్-న్యూకర్క్ అను పేర బరగుచున్నది. 1960లో కోడైకనాల్‌కు అధిపతియై, జావడి కొండలలో కావలూరు వేధశాలను నెలకొల్పెను. 1982లో ఆయన మరణించెను; అక్కడి 2.3 మీటర్ల దూరదర్శనికి 1986లో ఆయన పేరే పెట్టిరి. జఫర్‌జంగ్ ముచ్చట ఎంతవరకు పోయినదని ఎవరైన అడిగినచో, కావలూరువరకు పోయినదని చెప్పవచ్చును.

కాని బేగంపేటకు నగరము వచ్చెను. దానితో విమానాశ్రయము, వీధిదీపములు, ధూళి. లాసెల్ మాల్టాకు పోయినట్లే, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు జాపాల-రంగాపురముల కడ చీకటి వెదకుకొని 1968లో 48 అంగుళముల దూరదర్శనిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణము సరిగా దానిమీదుగా పోయినది. తరువాత అక్కడికిని నగరపు వెలుగు పాకినది; ఆ కటకపు వాడుకయు సన్నగిల్లినది. బేగంపేట ఆవరణలో నేడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రమున్నది. అరువదియేండ్లలో రెండు చీకట్లు తరిగినవి.

ఆకాశమే కావలెనన్నవారు తుదకు వాతావరణమును దాటిపోయిరి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి లేచిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహములోని అతినీలలోహిత దూరదర్శనితో ఎన్. కామేశ్వరరావును ఆయన సహచరులును గ్రహ నీహారికలను చూచిరి. వృశ్చికరాశియందలి ఎన్.జి.సి. 6302 చుట్టును, మామూలు వెలుగులో కంటబడని విశాలమైన పరివేషమున్నదని 2018లో ప్రకటించిరి. మనము చూచెడి సీతాకోకచిలుక రూపము లోపలి పొర మాత్రమేనన్నమాట.

ఇవన్నియు ప్రభుత్వముల కటకములు. పెద్ద అద్దము మరల సామాన్యుని చేతికి వచ్చుటకు కారకుడు జాన్ డాబ్సన్. 1915లో పెకింగులో జన్మించిన ఈయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠమున సన్న్యాసి జీవితమును స్వీకరించెను. ఓడల కిటికీలనుండి తీసిన పాత దళసరి గాజును అరగదీసి అద్దములు చేసి, అట్టగొట్టములలో బిగించి, ప్లైవుడ్డు పీటమీద అటునిటు త్రిప్పుటకు వీలుగా నిలిపెడివాడు. దూరదర్శనుల కొరకు మఠపు పనులకు దూరమగుచుండెనని 1967లో ఆయన మఠమును విడువవలసివచ్చెను. మరుసటి యేడు మిత్రులతో కలసి వీధిపక్క ఖగోళ సంఘమును స్థాపించి, 2014లో మరణించువరకు దారిన పోవువారిని పిలిచి ఆకాశము చూపుచుండెను. గడియారపు యంత్రాంగము లేదు, ఇత్తడి సొగసులు లేవు. ఐనను ఆయన పద్ధతిని పదునైదు, ఇరువది అంగుళముల అద్దమును ఒక వడ్రంగి సాయముతో నిలుపుకొనుట సాధ్యమైనది. జఫర్‌జంగ్ సంపదతో సాధించినది ఇప్పుడు ఓపికతో సాధింపవచ్చును.

సిద్దిపేట 18వ అక్షాంశముమీద నున్నది. జఫర్‌జంగ్ కాలమున అది నిజాం రాజ్యములో ఒక తాలూకా ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రమైనది. జిల్లాకేంద్రమునకు దీపములు రావలెను, వచ్చినవి. కోమటిచెరువు కట్ట రాత్రివేళ నేడు పగలువలె నుండును. విహారమునకు వచ్చినవారికి అది ఇంపే. నీహారికకు మాత్రము పగ. కనుక దూరదర్శని గలవారు దానిని బండిమీద వేసికొని పల్లెదారి పట్టవలసినదే. బేగంపేట, రంగాపురము నేర్పిన పాఠమును ఇక్కడ ముందుగనే గ్రహించుట మేలు. ఊరివెలుపల ఒక గుట్టమీదనో పొలముననో దీపములు పైకి చిమ్మకుండ నాలుగెకరముల చీకటిని కాపాడుకొనుటకు పెద్ద ద్రవ్యమక్కరలేదు. పంచాయతీవారు మనసు పెట్టవలెను, దీపములకు మూతలు పెట్టవలెను.

ఎప్పుడు చూడవలెనని అడుగుదురేని, బతుకమ్మ దినములంత అనుకూలమైనవి లేవు. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్యనాడు వచ్చును గనుక మొదటి నాలుగైదు రాత్రులు చంద్రుడు అడ్డురాడు. వానలును తగ్గుముఖము పట్టియుండును. రాత్రి ఎనిమిది గంటలకు శ్రవణ నక్షత్రము నడినెత్తికి కొంచెము పడమరగా నుండును. మెసియే 27వది దాదాపు తలమీదనే. పెద్ద అద్దములో అది కొరికిన ఆపిలుపండువలె కనిపించును. వాయవ్యమున అభిజిత్తు సమీపమున దార్కియే చూచిన ఉంగరమున్నది. ఆ ఉంగరపు వెలుగు బయలుదేరినపుడు మన దేశమున శాతవాహనులు ఇంకను రాలేదు.

మసకవస్తువును సూటిగా చూడరాదు. కొంచెము పక్కకు చూపు నిలిపినచో అది తేటపడును. చీకటిలో చూచెడి కణములు కంటిపాపకు ఎదురుగా గాక పక్కలనుండుటయే దీనికి కారణము. మరియొక విశేషమున్నది. ఆ కణములు మిక్కిలి తేలికగా గ్రహించునది అయిదువేల ఆంగ్‌స్ట్రాముల చుట్టునున్న వెలుగును. బోవెన్ విప్పిన ఆక్సిజను గీతలు 4959, 5007 ఆంగ్‌స్ట్రాముల వద్దనున్నవి. నెబ్యూలియమని వెదకిన వెలుగునకే మన కన్ను రాత్రివేళ పదునుగా నుండును. ఆ రెండు గీతలను మాత్రమే పోనిచ్చెడి ఫిల్టర్లు నేడు దొరకుచున్నవి. వానిని పెట్టినపుడు వీధిదీపముల వెలుగు చాలవరకు అణగి నీహారిక నిలిచియుండును. ఐతే చుక్కల సొగసు తరిగిపోవును గనుక ఒకసారి ఫిల్టరు లేకయు చూడవలెనని మా సలహా. పదునైదంగుళములు దాటిన అద్దములో కాంతిగల నీహారికలకు ఆకుపచ్చ, నీలి చాయలు తెలియును. చిన్నవానిలో పెక్కు బూడిదరంగుననే తోచును.

ఇంగ్లండువారికి లేని భాగ్యము మనకొకటి కలదు. కామేశ్వరరావు పరివేషమును కనుగొన్న సీతాకోకచిలుక హెర్షెల్ ఇంటినుండి దిగంతమునంటి యుండును. మనకది వేసవి రాత్రులలో ముప్పదియైదు డిగ్రీల ఎత్తునకు వచ్చును. ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ 1834లో దక్షిణాఫ్రికాకు పోయి కనుగొన్న నీలి గ్రహ నీహారిక, త్రిశంకు నక్షత్రముల సమీపమున, ఏప్రిల్ నడుమ రాత్రి పదిగంటలకు మన దక్షిణ దిక్కున పదునైదు డిగ్రీల ఎత్తున నిలుచును. చెట్లు, గుట్టలు అడ్డములేని చోటు వెదకుకొనవలెను.

హైదరాబాదు పట్టీలోని హెలిక్స్ మాట మిగిలినది. విలియం హెర్షెల్ పట్టికలలో అది లేదు. 1824 ప్రాంతమున జర్మను జ్యోతిర్విదుడు హార్డింగ్ దానిని చూచెను. చంద్రబింబపు అడ్డుకొలతలో సగమంత పరచుకొన్న పలుచని వెలుగు గనుక పెంచుదల హెచ్చించినకొలది మాయమగును. బతుకమ్మ రాత్రులలో పదిగంటల ప్రాంతమున అది సిద్దిపేటకు సరిగా దక్షిణమున యేబదియొక్క డిగ్రీల ఎత్తునకు వచ్చును. పెంచుదల తక్కువగల అక్షికటకమును బిగించి, ఫిల్టరు పెట్టి, దూరదర్శనిని మెల్లగా అటునిటు కదలించుచు చూడవలెను; నిలిచియున్నదానికంటె కదలుచున్న మసకను కన్ను త్వరగా పట్టుకొనును.